టైరు వెడల్పయితే పట్టు పెరుగుతుందా?

తొలకరి పడితే చాలు, "165 తీసేసి 195 వేయించు, బండి రోడ్డుకి అతుక్కుపోద్ది" అనే సలహాలు రాజమండ్రిలో ఉచితంగా దొరుకుతాయి.

అపోహ: వెడల్పు టైరు నేలకి ఎక్కువగా ఆనుతుంది.

వాస్తవం: ఆకారమే మారుతుంది, విస్తీర్ణం పెద్దగా మారదు. చక్రం మీది బరువుని లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే ఆనే చోటు ఉజ్జాయింపుగా తేలుతుంది. మనుషులతో కలిపి 1200 కిలోల కారుకి చక్రానికి 300 కిలోలు. 32 పాయింట్ల గాలంటే చదరపు సెంటీమీటరుకి 2.25 కిలోలు. అంటే 133 చదరపు సెంటీమీటర్లు, వేళ్లతో సహా చెయ్యి ఆనించినంత! వెడల్పు టైరు ముద్ర అడ్డంగా సాగుతుంది, సన్న టైరుది నిలువుగా. పొడి రోడ్డు మీద మలుపుల్లో అడ్డ ముద్రే మేలు, కాదనలేం. రేసు కార్ల పట్టులో మాత్రం పెద్ద వాటా మెత్తటి రబ్బరుది.

అపోహ: వానలో వెడల్పు టైరే భద్రం.

వాస్తవం: అసలు ప్రమాదం ఈ నమ్మకంతోనే. రావులపాలెం, తణుకుల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద నీళ్లు నిలిచినప్పుడు టైరు వాటిని పక్కకి తోసుకుంటూ పోవాలి. వెడల్పు పెరిగితే తోయాల్సిన నీళ్లూ పెరుగుతాయి. వేగం మీరితే టైరు నీటి మీద తేలుతుంది, ఇక స్టీరింగు తిప్పినా బ్రేకు తొక్కినా బండి వినదు. విమానాల టైర్ల మీద 1960ల్లో నాసా పరిశోధకులు తేల్చిన సూత్రం ప్రకారం తేలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. కార్లకి అది ఉజ్జాయింపే. అయినా 32 పాయింట్లకి గంటకు 94 కిలోమీటర్లు వస్తే, 24కి 82 మాత్రమే. పట్టు కోసమని వానాకాలం గాలి తీయించేవారు ఈ తేడా చూడాలి. టైరు గాడుల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగినట్టే, చట్టప్రకారం ఆ టైరు పని అయిపోయింది. వానకైతే అంతకు ముందే మార్చడం మంచిది.

కాలువ గట్టు బురద సంగతి వేరు. పైపొర పలచగా ఉంటే సన్న టైరు దాన్ని కోసుకుని కింద గట్టి నేలని అందుకుంటుంది. లోతు బురదైతే వెడల్పే నయం. జిగురు మట్టి గాడుల్లో నిండితే రెండూ నున్నటి టైర్లే. దమ్ముకి దిగే ట్రాక్టరుకి పట్టీల ఇనుప చక్రాలు బిగించేది అందుకే.

దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి ఏ సైజూ పనికిరాదు. టైరు కింద ఉండేది దొర్లే గింజలు. రాశి కనబడగానే, ఇంకా తారు మీద ఉండగానే వేగం తగ్గించాలి.