పోనీ శిబిరంలో పెత్తనం ఎవరిది?

మీలో కొందరు స్కౌట్సు శిబిరానికో, ఎన్.సి.సి. శిబిరానికో వెళ్ళి ఉంటారు. అక్కడ తెల్లవారుజామునే ఈల మోగుతుంది. ఈల వినగానే లేవాలి. ఈల వినగానే వరుసలో నిలబడాలి. ఈల ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిది!

ఇంగ్లండులో వేసవి సెలవుల్లో మరో రకం శిబిరాలు జరుగుతాయి. వాటికి పిల్లలు ఒంటరిగా రారు, చిన్న గుర్రాలతో వస్తారు. చాలాచోట్ల ఇవి వారం రోజులపాటు సాగుతాయి. పొద్దున స్వారీ నేర్చుకుంటారు, మధ్యాహ్నం జీనులూ కళ్ళేలూ తుడుచుకుంటారు, సాయంకాలం ఆటలాడతారు. అక్కడా పెద్దలుంటారు, ఈలలుంటాయి. కాని ఎప్పుడు లేవాలో, ముందు ఎవరు తినాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో నిజంగా నిర్ణయించేది ఆ పెద్దలు కారు. మరెవరు? గుర్రం కడుపు, గుర్రం కళ్ళు, గుర్రం భయం! అదెలాగో చూద్దాం.

పోనీ అంటే గుర్రప్పిల్ల కాదు

ఈ చిన్న గుర్రాలను పోనీలంటారు. పేరు వినగానే మన ‘పోనీలే’ గుర్తుకొచ్చి నవ్వుకుంటున్నారా? ఇది వేరే మాట. పోనీ అంటే గుర్రప్పిల్ల అని కూడా అనుకోకండి. పూర్తిగా ఎదిగినా పొట్టిగానే ఉండే గుర్రం పోనీ. పాత తెలుగులో దీనికి ‘తట్టువ’ అనే పేరుంది.

పొట్టి అని ఎలా తేల్చాలి? గుర్రం ఎత్తును తలదాకా కొలవరు. తల పైకెత్తితే ఒక కొలత, దించితే మరో కొలత వస్తుంది కదా! అందుకని మెడా వీపూ కలిసేచోట ఎత్తుగా కనిపించే మూపు దాకా కొలుస్తారు. ఇంగ్లీషువారి పాత కొలత ‘చెయ్యి’. బొటనవేలితో సహా అరచేతి వెడల్పన్నమాట. ఒక చెయ్యి అంటే 4 అంగుళాలు. సాధారణంగా 14.2 చేతులకు మించనిది పోనీ. ఇక్కడ తొందరపడి దశాంశ భిన్నం అనుకుంటే లెక్క తప్పుతుంది. 14.2 అంటే 14 చేతుల మీద 2 అంగుళాలు. అంటే 14×4+2 = 58 అంగుళాలు, సుమారు 147 సెంటీమీటర్లు. మీ ఎత్తుతో పోల్చి చూసుకోండి.

పిల్లలకోసం పోనీ క్లబ్బు 1929లో ఇంగ్లండులో మొదలైంది. తర్వాత అనేక దేశాలకు పాకింది. 1954లో అమెరికాలోనూ అలాంటి సంస్థ ఏర్పడింది. స్వారీతోపాటు గుర్రాన్ని చక్కగా చూసుకోవడం నేర్పడం కూడా ఈ క్లబ్బు పని. సొంత పోనీ లేని పిల్లలు కూడా స్వారీ నేర్పే బడుల ద్వారా ఇందులో చేరవచ్చు.

చిన్న కడుపు, పెద్ద పని

ఇక శిబిరం దినచర్యకు వద్దాం. పొద్దున్నే పిల్లలు కళ్ళు నులుముకుంటూ లేస్తారు. తమ ఫలహారం సంగతి చూసుకునేలోగా పోనీలకు నీళ్ళు, మేత అందాలి. ఎందుకంత తొందర?

మన ఆవును తలచుకోండి. ఆవు గబగబా మేసి, తర్వాత తీరిగ్గా పడుకొని నెమరు వేసుకుంటుంది. దాని జీర్ణాశయంలో నాలుగు గదులున్నాయి. గుర్రానికి ఉన్నది ఒకే గది. దేహం అంత పెద్దదయినా ఆ గది మాత్రం చిన్నది. గుర్రం నెమరు వెయ్యలేదు. కాబట్టి మొదటిసారే బాగా నమిలి, కొంచెం కొంచెంగా, ఎక్కువసేపు తినాలి. బయట స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు రోజులో చాలా గంటలు మేస్తూనే ఉంటాయి. పదహారు గంటలు మేసే రోజులు కూడా ఉంటాయి!

ఇంకో విశేషం ఉంది. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లం బలాన్ని తగ్గించేది లాలాజలం. గుర్రానికి లాలాజలం ఊరేది నమిలేటప్పుడే. మేత లేకుండా గంటల తరబడి నిలబెడితే ఆమ్లం కడుపు గోడలనే తింటుంది, పుండ్లు పడతాయి. ఒకప్పుడు మన ఊళ్ళలో జట్కాబండ్లు తిరిగేవి. బండి ఆగినప్పుడు గుర్రం మూతికి మేత సంచి తగిలించేవారు. అలా ఎందుకు చేసేవారో ఇప్పుడు మీకు తెలిసింది కదూ! మీ తాతయ్యను అడగండి, ఆ సంచి ఎలా ఉండేదో చెబుతారు.

ఇద్దరు మంచి పిల్లలు, ఒక ప్రమాదం

పోనీకి మేత వేళకు అందకపోతే ప్రమాదం. మరి ఎక్కువ అందితే?

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పాప తన పోనీకి దాణా పెట్టి స్నానానికి వెళ్ళింది. పక్క గదిలోని బాబు వచ్చి చూశాడు. తొట్టి ఖాళీగా ఉంది. ‘అయ్యో, ఆ పాప మరిచిపోయినట్లుంది’ అని జాలిపడి తను కూడా దాణా పెట్టాడు. ఇద్దరూ మంచి పిల్లలే. కాని పోనీ ప్రాణం మీదికి వచ్చింది.

కారణమేమిటి? గడ్డిలోని పీచును అరిగించేవి గుర్రం పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు. పేగు మొదట్లోనే వాటికోసం పెద్ద సంచి వంటి భాగం ఉంది. ఓట్లు, బార్లీ వంటి గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే వాటిలోని పిండిపదార్థం సగంలోనే అరిగి, మిగిలినది ఆ సంచిలోకి పోతుంది. అక్కడ పులిసి ఆమ్లంగా, వాయువుగా మారుతుంది. మేలుచేసే సూక్ష్మజీవులు చస్తాయి. కడుపు ఉబ్బి భయంకరమైన నొప్పి వస్తుంది. ఒక్కొక్కప్పుడు డెక్కల లోపలి మెత్తటి పొరలు వాచి గుర్రం నడవలేకపోతుంది. తిన్నది కడుపులో, దెబ్బ కాళ్ళకు! మనమైతే ఎక్కువ తింటే వాంతి చేసుకుంటాం. గుర్రం వాంతి చేసుకోలేదు. ఆహారనాళం జీర్ణాశయంలోకి తెరుచుకునే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది.

ఈ ప్రమాదం తప్పాలంటే దాణా గది గోడమీద ఒక పట్టిక ఉండాలి. ఏ పోనీకి ఏది, ఎంత, ఎప్పుడు అన్నది అందులో రాయాలి. పెట్టినవారు వెంటనే గుర్తు పెట్టాలి. ఆ చిన్న గుర్తు లేకపోతే ఎంత ప్రేమ ఉన్నా ఉపయోగం లేదు. జట్టుగా పనిచేయడమంటే అందరూ అన్నీ చేయడం కాదు. ఎవరు ఏది చేశారో మిగిలినవారికి తెలిసేలా చేయడం.

అన్నట్టు, మన ఉలవల్ని ఇంగ్లీషులో ‘హార్స్ గ్రామ్’ అంటారు. హార్స్ అంటే గుర్రమే! మన దేశంలో ఉలవలు గుర్రాల దాణాగా పేరుపొందాయి.

లద్దె చెప్పే కబుర్లు

గుర్రపుశాల శుభ్రం చేయడం శిబిరంలో అందరికీ వంతులవారీగా వచ్చే పని. పార, చేటంత తట్ట, తోపుడుబండి ఇస్తారు. కొత్తగా వచ్చినవారు ముక్కు మూసుకుంటారు. రెండురోజులు గడిస్తే అదే పని ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

పోనీ తన ఒంట్లో బాగాలేదని చెప్పలేదు. లద్దె చెబుతుంది! ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు సుమారు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్దె వేస్తుంది. రాత్రంతా గడిచినా శాలలో లద్దె లేదంటే పేగులు సరిగా కదలడం లేదని అనుమానించాలి. పోనీ మాటిమాటికీ డొక్కవైపు చూసుకుంటోందా? కాలితో నేల గీరుతోందా? చెమటలు పడుతూ పొర్లుతోందా? వెంటనే పెద్దలకు చెప్పాలి, పశువైద్యుణ్ణి పిలిపించాలి. కొన్ని గంటల ఆలస్యమే ప్రాణం తీయవచ్చు. చూశారా, లద్దె ఎత్తే పిల్లవాడే ఆ పోనీకి మొదటి వైద్యుడు!

ఆ తర్వాత మాలీషు. ఒంటిమీది దుమ్ము బ్రష్షుతో దులపాలి. చిన్న గడ్డిపరక జీను కింద ఉండిపోయినా సవారీలో ఒరుసుకొని పుండు పడుతుంది. డెక్కలు ఎత్తి, చిన్న కొక్కెంతో మట్టి, రాళ్ళు తీయాలి. డెక్క మన గోరులాంటిదే, రెండూ కెరటిన్ అనే పదార్థంతో తయారైనవే. డెక్క అడుగున బాణం మొన ఆకారంలో మెత్తటి భాగం ఉంటుంది. ఇంగ్లీషువారు తమాషాగా దానికి ‘కప్ప’ అని పేరుపెట్టారు!

మాలీషు శుభ్రతకోసమే కాదు. గుర్రాలు కూడా ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపును మరొకటి పళ్ళతో గోకుతుంటాయి. 1993లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఫ్రాన్సులోని కమార్గ్ గుర్రాలకు సరిగ్గా ఆ చోట గోకి చూశారు. గుండె కొట్టుకునే వేగం తగ్గింది. అంటే మాలీషు చేసే పిల్లలు గుర్రాల భాషలో ‘నేను నీ నేస్తాన్ని’ అంటున్నారన్నమాట.

కనిపించని చోటు, గేటు దగ్గర నియమం

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల అది తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. మిగిలిన కొద్ది చోటూ సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా ఉంటుంది. వెనకనుంచి చప్పుడు లేకుండా వెళితే పులే వచ్చిందనుకొని తన్నవచ్చు. అందుకే భుజం పక్కనుంచి, మాట్లాడుతూ వెళ్ళాలి. తన్నే అలవాటున్న పోనీ తోకకు ఎర్ర రిబ్బను కడతారు. అది అందంకోసం కాదు, వెనకవారికి హెచ్చరిక.

గుర్రం మందలో బతికే జంతువు. ఒకటి బెదిరితే మిగిలినవీ బెదురుతాయి, కారణం తర్వాత సంగతి! మంద వెళ్ళిపోయి తాను ఒక్కటే మిగిలిందంటే దానికి ప్రాణభయం. ఈ స్వభావాన్నిబట్టే స్వారీలో ఒక నియమం పుట్టింది. దారిలో గేటు వచ్చింది. ఒక పాప దిగి గేటు తీసింది, అందరూ దాటారు. ఇప్పుడు ముందున్నవారు కదలకూడదు. పాప గేటు మూసి, మళ్ళీ రికాబులో కాలుపెట్టి, జీనుమీద సరిగా కూర్చునేదాకా అందరూ ఆగాలి. వాళ్ళు కదిలితే ఆ పాప పోనీ కూడా వెంటపడుతుంది, సగం ఎక్కిన పాప కిందపడుతుంది. ఇందులో మర్యాద ఉంది, దాని వెనక జంతుశాస్త్రం ఉంది.

జింఖానా ఆటలు

శిబిరంలో అందరూ ఎదురుచూసేది ఆటలకోసం. పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పోనీని పరుగెత్తించడం, జెండాలు తీసి మరోచోట గుచ్చడం, గోనెసంచిలో గెంతుతూ పోనీని పక్కన నడిపించడం! ఈ ఆటలను బ్రిటనులో ‘జింఖానా’ ఆటలంటారు. ఎక్కడో విన్నట్లుందా? సికింద్రాబాదులోని జింఖానా మైదానం గుర్తుందా? ఈ మాట మన దేశంలోనే పుట్టి బ్రిటనుకు వెళ్ళింది.

1957లో ప్రిన్స్ ఫిలిప్ పేరుతో ఈ ఆటలకు ఒక కప్పు ఏర్పాటైంది. ఖరీదైన గుర్రాలు లేని పిల్లలూ మామూలు పోనీలతో పోటీపడాలన్నది ఉద్దేశం. జట్టుకు ఐదుగురు. ఎక్కువ ఆటల్లో నలుగురు పాల్గొంటారు.

కర్ర అందించే పందెంలో గెలుపు ఎక్కడ ఉంటుందో ఊహించండి. ఒక పోనీ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. సెకనుకు సుమారు 8 మీటర్లు. కర్ర చేతులు మారేటప్పుడు రెండు సెకన్లు తడబడితే 16 మీటర్లు పోయినట్లే. అంత దూరాన్ని తర్వాత పరుగులో రాబట్టుకోవడం కష్టం. కర్ర కింద పడిపోతే పోనీ దిగి, తీసుకొని, మళ్ళీ ఎక్కాలి. కంగారుపడి అరిస్తే పోనీ బెదురుతుంది, ఇంకా ఆలస్యమవుతుంది. కాబట్టి నిదానంగా ఉన్న జట్టే వేగంగా ముగిస్తుంది!

మీరే గుర్రం కండి

మీకు పోనీ లేకపోయినా ఈ ప్రయోగం చేయవచ్చు. ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడండి. వెనకవారు ముందువారి భుజాలమీద చేతులు వెయ్యాలి. ముందువారివి ముంగాళ్ళు, వెనకవారివి వెనకకాళ్ళు.

మొదట నడక. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. ఈ వరుసలో అడుగులు వెయ్యండి. నాలుగు చప్పుళ్ళు విడివిడిగా వినిపించాలి.

తర్వాత దుడుకు నడక. ఇందులో ఎదురుమూల కాళ్ళు కలిసి పడతాయి. వెనక ఎడమ, ముందు కుడి ఒకేసారి. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ ఒకేసారి. ఇప్పుడు చప్పుళ్ళు రెండే.

ఆ తర్వాత మూడు చప్పుళ్ళ పరుగు. ముందుగా వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ కలిసి, చివర ముందు కుడి. ఆ వెంటనే గుర్రం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి. మీరు మాత్రం జాగ్రత్త!

మొదట తప్పకుండా కాళ్ళు తొక్కుకుంటారు. గుర్రానికి నాలుగు కాళ్ళున్నా మెదడు ఒకటే. మీకు రెండు మెదళ్ళున్నాయి. మూడో నేస్తాన్ని చప్పట్లతో తాళం వెయ్యమనండి. ఎన్ని ప్రయత్నాలకు అడుగులు కలిశాయో నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత తాళం ఆపేసి నడిచి చూడండి. అప్పుడు మీరు దేన్నిబట్టి అడుగు వేశారు? నేస్తం భుజం కదలికను బట్టా, అడుగుల చప్పుడును బట్టా? స్వారీ చేసే పిల్లలు పోనీతో మాట్లాడే పద్ధతి సరిగ్గా అదే.