చెట్టు కనిపించే దూరం: దిగువ కృష్ణా డెల్టాలో కల్లుపాక – సామాజిక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల గ్రామీణ జీవితంలో కల్లుపాక శతాబ్దాలుగా ఉన్న సామాజిక స్థలం. ప్రభుత్వ పత్రాలు దానిని ఆదాయ వనరుగానూ, సంస్కరణోద్యమాలు దురలవాటుకు నెలవుగానూ చూశాయి. ఈ వ్యాసం దానిని ఒక స్థలంగా పరిశీలిస్తుంది. పాక స్వభావాన్నీ, అక్కడి నమ్మకాన్నీ, చివరికి దాని క్షీణతనూ నిర్ణయించినది చెట్టుకూ పాకకూ మధ్య ఉన్న దూరమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కల్లుపాక, తాటిచెట్టు, గీతవృత్తి, అబ్కారీ, మద్యనిషేధం, దివిసీమ, మచిలీపట్నం.

ప్రస్తావన

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని తెలుగు సామెత. సహవాస దోషాన్ని బోధించడానికి దీనిని ఉదాహరిస్తారు. అయితే నీతిని కాస్త పక్కన పెట్టి చూస్తే ఇందులో స్థలానికి సంబంధించిన ఒక వాస్తవం ఉంది. తాగే చోటు చెట్టు కిందే. ఊరి నడిబొడ్డునో, బజారు వీధిలోనో తాగేవాడిని గురించి ఈ సామెత పుట్టలేదు. చెట్టునూ తాగే చోటునూ లోకం ఒకటిగా చూసిన కాలానికి ఇది సాక్ష్యం. కల్లుపాక చరిత్రను ఈ సామీప్యం నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.

తెలుగు సాహిత్యంలో మద్యశాలకు దక్కిన స్థానం స్వల్పం. గురజాడ ‘కన్యాశుల్కం’లోని దుకాణం రంగం అందుకు ప్రసిద్ధమైన మినహాయింపు. బైరాగి వేదాంతమూ పోలీసు అధికారమూ ఒకే చోట కూర్చున్న ఆ రంగం, మద్యశాల ఎటువంటి సమావేశ స్థలమో గుర్తించింది. కాని అది కళింగాంధ్ర పట్టణ వాతావరణం. డెల్టా గ్రామపు పాక వేరు. గీతవృత్తి కులాల పురాణాల మీద, కౌండిన్య మహర్షి వంశకథల మీద, కంఠమహేశ్వరుని కొలుపుల మీద చూపిన ఆసక్తిని పరిశోధకులు ఆ కులాలవారు నడిపిన పాకమీద చూపలేదనే చెప్పాలి.

పదం, పాక

‘కల్లు’ ద్రావిడ పదం. తమిళంలో ‘కళ్’, మలయాళంలో ‘కళ్ళ్’, కన్నడంలో ‘కళ్ళు’ దీని సోదర రూపాలు. ఇంగ్లీషువారి ‘టాడీ’ మాత్రం హిందీ ‘తాడీ’ నుంచి వచ్చింది. దాని మూలం తాళవృక్షమే. అంటే ద్రావిడ భాషలు పానీయానికి ప్రత్యేకంగా పేరు పెట్టగా, హిందీ, ఇంగ్లీషు భాషలు చెట్టు పేరునే పానీయానికి ఇచ్చాయి.

అమ్మే చోటుకు తెలంగాణలో ‘కాంపౌండు’ అన్న మాట స్థిరపడింది. ప్రహరీ, గేటు, లోపలి విశాలమైన ఆవరణ ఆ మాటలో ధ్వనిస్తాయి. కోస్తాలో వాడుక ‘పాక’. తాటి దూలాలు, తాటాకు కప్పు, కూర్చోవడానికి తాటి మొద్దు, తాగడానికి తాటాకు దొప్ప. ఒకే చెట్టు సరుకూ దుకాణమూ పాత్రా అయింది. వాణిజ్య చరిత్రలో ఇటువంటి అంగళ్ళు ఎక్కువగా కనిపించవు.

ఆకు దొప్పను గురించి ఒక మాట. కులభేదాలు కఠినంగా పాటించిన గ్రామంలో పాత్ర పెద్ద సమస్య. ఒకరు తాగిన గ్లాసును మరొకరు ముట్టని సమాజంలో, వాడి పారవేసే దొప్ప ఆ సమస్యను చర్చకు రానీయకుండానే దాటించింది. పాకలో కులం లేదని దీని అర్థం కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న మర్యాద అక్కడా ఉంది. అయినా పొలం కూలీ, బండి తోలేవాడు, తీరం నుంచి వచ్చిన మత్స్యకారుడు ఒకే కప్పు కింద కొంతసేపు మాట్లాడుకోగలిగిన చోట్లు డెల్టా గ్రామంలో కొద్దివే. గుడికి ఆ వెసులుబాటు లేదు. రచ్చబండ పెద్దలది.

చెట్టుకూ పాకకూ మధ్య

పాక స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి కల్లు తయారయ్యే తీరు తెలియాలి. తాటిచెట్టు తొలి పూత పూయడానికి సుమారు 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. పోతుతాడి పూగెలలనూ, పెంటితాడి లేత గెలలనూ కట్టి, అదిమి, చివరలు పలచగా చెక్కి కుండ తగిలిస్తారు. ఉదయం, సాయంకాలం చెట్టెక్కి మళ్ళీ చెక్కకపోతే గాయం ఆరి ధార ఆగిపోతుంది. మోకు, కాలి బందం, నడుముకు గీత కత్తి, కుండ: ఇంతే సరంజామా. ఎక్కవలసిన ఎత్తు మాత్రం తరచుగా 60 అడుగులు దాటుతుంది.

చెట్టు నుంచి కారే ద్రవం స్వతహాగా మత్తు కలిగించదు. అది 10 శాతానికి పైగా చక్కెర ఉన్న తీపి నీరు. కుండకు లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా మిగులుతుంది, కాచితే తాటిబెల్లమవుతుంది. సున్నం లేని కుండలో గాలిలోని, పాత కుండ గోడల్లోని ఈస్టులూ బాక్టీరియాలూ వెంటనే పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో చక్కెర ఆల్కహాలుగా మారుతుంది. అది సాధారణంగా 4 నుంచి 6 శాతం వరకు ఉంటుంది. మరునాటికి పులుపు పెరుగుతుంది. ఆపైన మిగిలేది పులిసిన వినెగరు.

పాకకు ఉన్న ఆకర్షణ అంతా ఈ గడువులోనే ఉంది. ఉదయపు కల్లు తీపి, మధ్యాహ్నపు కల్లు పొంగు, సాయంత్రపు కల్లు ఘాటు. ఒకే రోజులో ఒకే కుండ మూడు రుచులు చూపుతుంది. వచ్చేవారు తమ రుచికి తగిన వేళను ఎంచుకుంటారు. దాచుకోవడానికి లేదు, దూరం పంపడానికి లేదు. అందువల్ల పాక చెట్టు కనిపించే దూరంలోనే పుట్టాలి. తాగేవాడు పైకి చూస్తే తాను తాగుతున్నది ఏ చెట్టుదో తెలుస్తుంది; ఎక్కి దించినవాడు ఎదురుగానే ఉంటాడు. నీళ్ళు కలిపితే నిలదీయడానికి మనిషి ఉన్నాడు. చెట్టు పని పురుషుడిది కాగా పాకలో అమ్మకం చాలాచోట్ల ఇంటి స్త్రీ చేతిలో ఉండేది. ఎవరికి అరువివ్వాలో, ఎవరిని ఇక ఇంటికి పొమ్మనాలో నిర్ణయించే అధికారం ఆమెదే.

నంజుకునే పదార్థాలు నేలను బట్టి మారతాయి. మెట్టవైపు గుగ్గిళ్ళు, బందరు, దివిసీమ తీరంలో ఎండు చేప, ఎండు రొయ్య, పీత. పుల్లని కల్లుకు ఉప్పు ఎండు చేప ఎంత సరిపోతుందో తీరవాసులకు వివరించనక్కరలేదు.

పాక ఏడాది పొడవునా ఒకే తీరున నడవదు. తాటి ధార ప్రధానంగా చలి తగ్గిన నాటి నుంచి వేసవి చివరి వరకు. డెల్టా వరి కోతలు, నూర్పులు ముగిసి కూలి చేతికి అందే కాలమూ ఇదే. చెట్టు ఋతువూ చేను ఋతువూ ఇలా కలిసి రావడం వల్లే పాకకు నిలకడ వచ్చింది. వానాకాలంలో కప్పు చీకిపోతుంది, కూలిపోతుంది, మళ్ళీ వేస్తారు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయి, అధికారిక లెక్కల ప్రకారమే 10,000 మందికి పైగా మరణించారు. తాటాకు పాకలేవీ అటువంటి నీటికి నిలవవు. లోతుగా వేళ్ళూనిన తాళ్ళు చాలావరకు నిలిచాయి. వాటిని పట్టుకుని బతికినవారి జ్ఞాపకాలు దివిసీమలో ఇప్పటికీ వినిపిస్తాయి. కాబట్టి ‘పాత పాక’ అన్న మాటకు పాత కట్టడమని అర్థం కాదు, పాత చోటు అని అర్థం. తోపు ఉన్నంతకాలం పాక ఎన్నిసార్లయినా తిరిగి లేస్తుంది.

రేవు పట్నంలో మరో దారి

దూరం ప్రయాణించే మద్యం ఈ తీరానికి కొత్త కాదు. కల్లును బట్టీ పెడితే సారా వస్తుంది. అది చెడదు, ఓడ ఎక్కుతుంది. 1611లో ‘గ్లోబ్’ ఓడలో వచ్చిన ఇంగ్లీషు కంపెనీవారు ముందు పెదపల్లి (నేటి నిజాంపట్నం)లోనూ, ఆపైన మచిలీపట్నంలోనూ దిగారు. దివిసీమకు అటూ ఇటూ ఉన్న రేవులివి. ఇంగ్లీషు పత్రాలలో ‘పంచ్’ అనే పానీయపు పేరు తొలిసారి కనిపించేది 1632లో పెదపల్లిలోని ఒక కంపెనీ వర్తకునికి రాసిన లేఖలో. సారా, నిమ్మరసం, చక్కెర, సుగంధ ద్రవ్యాలు, నీరు కలిపిన ఆ పానీయం తరువాత లండను దాకా వెళ్ళింది. దాని పేరు ‘పంచ’ నుంచి వచ్చిందన్న వ్యుత్పత్తి వివాదాస్పదమే అయినా, ఆ పేరుకు తొలి చిరునామా కృష్ణా ముఖద్వార తీరమన్నది డెల్టా చరిత్రకారులు ఇంతవరకు తగినంతగా పట్టించుకోని విశేషం. ప్రపంచానికి ఎక్కినది సారా. కల్లు మాత్రం ఊరు దాటలేదు.

లెక్కకెక్కిన చెట్టు

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది. చేల గట్లూ కాలువ గట్లూ పెరిగాయి. గట్లమీద తాళ్ళూ పెరిగాయి. మద్రాసు ప్రభుత్వం 1886 నాటి అబ్కారీ చట్టం కింద కల్లు ఆదాయాన్ని క్రమబద్ధం చేసింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను, చెట్టు మొదట గుర్తు, పాకకు వేలంపాట. ప్రభుత్వం కూడా చెట్టునూ పాకనూ విడదీసి చూడలేకపోయింది. చెట్టును లెక్కపెడితేనే పాక లెక్క తేలుతుంది. అయితే వేలంతో పాకమీద అధికారం ఎక్కేవాడి నుంచి పాడేవాడికి మారింది. పెట్టుబడిదారైన పాటదారు, కూలివాడైన గీతగాడు అనే విభజన ఇక్కడే స్థిరపడింది.

సహాయ నిరాకరణోద్యమ కాలంలో కృష్ణా, గుంటూరు మండలాలలో అబ్కారీ పాటల బహిష్కారం, పాకల ముందు పికెటింగులు జరిగాయి. ఆంధ్ర జాతీయ కళాశాల, కృష్ణాపత్రిక ఉన్న బందరు ఆనాటి జాతీయ చైతన్యానికి ఒక కేంద్రం. ఆ పోరాటం ప్రభుత్వ ఖజానాకు దెబ్బ తీయడానికి ఉద్దేశించినదే. దెబ్బ మాత్రం గీతగాడికీ తగిలింది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. తాటిబెల్లం సహకార సంఘాలు ప్రత్యామ్నాయంగా వచ్చాయి గాని, చెట్టెక్కే మనుషులందరికీ అవి పని చూపలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఈ ప్రశ్న శాసనసభకే చేరింది. నిషేధాన్ని సమీక్షించిన రామమూర్తి సంఘం దాని రద్దును సూచించింది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహం చేశారు. 1954 నవంబరు 6న నిషేధం అంశంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. డెల్టా గట్లమీది తాళ్ళకు నీరు తెచ్చే బ్యారేజీకి మూడేళ్ళ తరువాత ఆయన పేరే పెట్టడం చరిత్రలోని చమత్కారాల్లో ఒకటి. ప్రభుత్వం పడిపోయినా నిషేధం వెంటనే పోలేదు. 1968 నాటి ఎక్సైజు చట్టంతో గాని కోస్తాలో పాక బహిరంగంగా తిరిగి లేవలేదు. ఆ తరువాత గీత కార్మికుల సహకార సంఘాలకు, ఎక్కేవాడికే చెట్టు ఇచ్చే పద్ధతికి చోటు దొరికింది. పాటదారు చేతి నుంచి పాకను కొంతవరకైనా వెనక్కు తెచ్చిన ఏర్పాటిది.

సారాతో కలపరాని తేడా

పాకను గురించి మమకారంతో రాసేటప్పుడు ఇంటి వైపు నుంచి చూడడం మరచిపోకూడదు. కూలి డబ్బు ఇంటికి రాకముందే పాకలో ఆగిపోయిన రోజులు ఆ చరిత్రలో భాగమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో ఊపందుకున్న ఉద్యమం ఈ బాధలోంచే పుట్టింది. అయితే వారి ఆగ్రహం ప్రధానంగా సారా మీద. ఎక్కడో బట్టీలో తయారై, ప్యాకెట్లలో వచ్చి, ఏ వేళనైనా ఎంతైనా దొరికే సరుకు అది. చెట్టూ లేదు, ఋతువూ లేదు, ఎదుట నిలబడే మనిషీ లేడు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఒకప్పుడు గుడివాడ శాసనసభ్యుడు, ఆ పక్కనే ఉన్న నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు 1995 ప్రారంభంలో అమలు చేసిన సంపూర్ణ మద్యనిషేధం కూడా కల్లును వదిలిపెట్టింది. ఈ మినహాయింపులో ఓట్ల లెక్క లేదనలేము. కాని దూరం లేని మద్యానికీ దూరం నుంచి వచ్చే మద్యానికీ సమాజం గుర్తించిన భేదాన్ని చట్టం కూడా ఒప్పుకున్నది.

ఈ భేదం చెరిగిన చోట ఏమవుతుందో తెలంగాణ పట్టణాల కల్తీకల్లు చూపింది. చెట్లు చాలని చోట గిరాకీని తీర్చడానికి క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన ద్రవం కల్లు పేరుతో అమ్ముడైంది.

గట్లు పోయాక

దిగువ కృష్ణా డెల్టాలో పాకకు ఇప్పుడు ఎదురైన ముప్పు నిషేధం కాదు, గట్టు లేకపోవడం. 1980ల నుంచి గుడివాడ చుట్టుపక్కల, కైకలూరు వైపు వరిచేలు చేపల చెరువులుగా మారాయి. దివిసీమ, బందరు తీరంలో రొయ్యల చెరువులు వచ్చాయి. చిన్న కమతాల మధ్య ఉన్న గట్లను తీసి ఒకే చెరువుగా తవ్వినప్పుడు గట్టుమీది తాళ్ళు మొదట పోతాయి. కొన్ని దూలాలయ్యాయి, కొన్ని ఇటుక బట్టీలకు వెళ్ళాయి. కొత్త చెరువుగట్టు మీద తాటిపండు పాతినా, ధార రావడానికి ఒక తరం ఆగాలి. గీతగాడి కొడుకు అంతకాలం ఆగడు. చెట్టు మీంచి పడి చనిపోయినవారినీ, నడుము విరిగి మంచం పట్టినవారినీ ఎరిగిన ఇల్లు అతడిని ఆగమనదు కూడా. 2022 నాటి కల్లుగీత విధానం ప్రమాద పరిహారాన్ని 10 లక్షల రూపాయలకు పెంచింది.

2025లో రాష్ట్ర ప్రభుత్వం మద్యం దుకాణాలలో 10 శాతాన్ని గీతవృత్తి కులాలకు కేటాయించింది. సామాజిక న్యాయం దృష్టితో ఇది సమర్థించదగిన నిర్ణయమే. ఆ దుకాణంలో గోడకు సిమెంటు ఉంటుంది, అరలో సీసా ఉంటుంది, సీసామీద గడువు తేదీ అచ్చయి ఉంటుంది. లైసెన్సు పొందే వ్యక్తి చెట్టెక్కనక్కరలేదు. దుకాణం ఉన్న ఊళ్ళో చెట్టు ఉండనక్కరలేదు.