వెలుపలివారి చేయూత: మత్తులేని పనిచోటు

విజయవాడ ఆటోనగరులోనో, హైదరాబాదు చెంత జీడిమెట్లలోనో ముప్పది నలుబది మంది పనివారితో చిన్న కార్ఖానా నడుపుకొను యజమానికి, ఏండ్ల తరబడి తన లేతు యంత్రముపై నమ్మకముగా పనిచేసిన మనుష్యుడు ప్రతి సోమవారమును సెలవు పెట్టుచున్నాడనియు, వచ్చిన దినములందు ఉదయము పూట అతని చేతులు వణకుచున్నవనియు, తోటివారు జాలిచేత ఆ సంగతిని కప్పిపుచ్చుచున్నారనియు తెలిసినప్పుడు, అతనికి తోచు దారులు సాధారణముగా రెండే: చూచియు చూడనట్లుండుట, లేదా పనినుండి తీసివేయుట. మొదటిది ఏదో యొకనాడు వ్రేళ్లు తెగు ప్రమాదమునకు దారితీయును; రెండవది ఒక కుటుంబమును వీధిపాలు చేసి, వ్యసనమును మాత్రము ఆ మనిషియందే విడిచిపెట్టును. మూడవ దారి కలదు. అయితే ఆ దారిలో నడువదలచిన యజమాని, తన ప్రహరీగోడకు వెలుపల నున్నవారి సహాయమును కోరక తప్పదు.

ఇది ఏ యొక్క కార్ఖానాకో పరిమితమైన దుస్థితి కాదు. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన వ్యసన చికిత్సా కేంద్రము దేశమంతటను సర్వే జరుపగా 2019లో వెలువడిన నివేదిక ననుసరించి, 10 మొదలు 75 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్ల మంది, మద్యము సేవించుచున్నారు. పురుషులను మాత్రమే లెక్కించినచో నూటికి 27 మందికి మించుదురు. మద్యము సేవించువారందరిలో ఏదో యొక సహాయము అవసరమైనవారు 5.7 కోట్ల మంది. మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏ విధమైన చికిత్సనైనను పొందినట్లు చెప్పిరన్న వాక్యము, ఆ నివేదిక యంతటిలో నన్ను మిక్కిలి కలతపెట్టినది. తక్కిన 37 మందిలో పెక్కురు రేపు ఉదయము ఏదో యొక గేటువద్ద హాజరు వేయించుకొని యంత్రముల యెదుట నిలుచువారే.

మత్తులేని పనిచోటు అను భావము చట్టరూపము దాల్చినది అమెరికాలో. 1987 జనవరి 4న మేరీలాండు రాష్ట్రములోని ఛేజ్ అను చోట, సరకుల రైళ్ల సంస్థకు చెందిన ఇంజనులు సిగ్నలును దాటివచ్చి ప్రయాణికుల రైలునకు అడ్డుపడగా 16 మంది మరణించిరి. ఆ ఇంజనుల డ్రైవరు గంజాయి సేవించినట్లు విచారణలో తేలెను. రవాణా ఉద్యోగులకు మత్తుపరీక్షలను విధించిన 1991 నాటి చట్టమునకు ఈ దుర్ఘటన ప్రేరకమయ్యెను. అంతకు మునుపే, 1988లో, ప్రభుత్వ కాంట్రాక్టులను గ్రాంటులను పొందు సంస్థల కొరకు మరియొక చట్టము వచ్చియుండెను. ఆ చట్టము పరీక్షలు చేయుమని యెక్కడను ఆజ్ఞాపింపలేదు. నియమములను వ్రాసి ప్రతి ఉద్యోగికిని ఇయ్యవలెననియు, మత్తువలని ప్రమాదములను బోధింపవలెననియు, కౌన్సెలింగు, చికిత్స ఎక్కడ లభించునో తెలుపవలెననియు ఆదేశించినది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించిన నియమావళి మరియొక అడుగు ముందునకు వేసి, మద్యము, మత్తుమందుల సమస్యను తక్కిన రోగములవలెనే ఆరోగ్య సమస్యగా ఎంచవలెననియు, యాజమాన్యమును కార్మికులును కూడి విధానమును రూపొందింపవలెననియు, రోగి రహస్యమును కాపాడవలెననియు చెప్పినది.

ఈ రహస్యరక్షణయందే వెలుపలివారి ఆవశ్యకత యంతయు ఇమిడియున్నది. యజమాని యెంత దయాళువైనను అతని చేతిలో జీతమున్నది, తొలగింపు ఉత్తరువున్నది. అట్టివానియెదుట ఏ పనివాడును తాను ఉదయము నిద్ర లేవగానే త్రాగనిదే నిలువలేకున్నానని నోరు విప్పి చెప్పడు. కార్ఖానాలోని మేనేజరుతో చెప్పిన మాట సాయంకాలమునకు టీకొట్టు చేరును. ఆ సంస్థనుండి ప్రమోషనుగాని శిక్షగాని ఇప్పింపజాలని, ఊరిలోని చుట్టపక్కాలను ఎరుగని, వృత్తిధర్మముచేత నోటికి కట్టుబాటు గల పరాయి మనిషి యెదుటనే పనివాని నోట నిజము వెలువడును. యజమానికి అందవలసిన సమాచారము మిక్కిలి స్వల్పము: ఈ మనిషి వచ్చుచున్నాడా లేదా, యంత్రముపై పనిచేయుటకు తగిన స్థితిలో నున్నాడా లేడా. అదియు పనివాని వ్రాతపూర్వకమైన అంగీకారముతోనే. ఇంతకు మించి అడుగు యజమానికిని, అడిగినదే తడవుగా చెప్పివేయు కౌన్సెలరునకును ఈ కార్యమున చోటుండరాదు.

అట్టివారు ఎక్కడ దొరకుదురు? మద్రాసునందు 1980లో స్థాపితమైన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషను చరిత్ర ఇచ్చట స్మరణీయము. కేంద్ర ఆర్థికమంత్రిగా పనిచేసిన టి.టి. కృష్ణమాచారి వంశమున, పేరుపొందిన పారిశ్రామిక కుటుంబమున జన్మించిన రంగనాథన్ మద్యవ్యసనముచేత మరణింపగా, ఆయన భార్య శాంతి రంగనాథన్ తన శోకమును ఇతర స్త్రీల ఇండ్లను నిలబెట్టు ప్రయత్నముగా మార్చి ఆ సంస్థను నెలకొల్పెను. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించెను. ఐశ్వర్యమును విద్యయు గల ఇంటనే ఈ రోగము ప్రవేశింపగలిగినప్పుడు, కూలివానిని చూచి ఇది వాని నీతిహీనత యని తీర్పు చెప్పుటకు మనకెవ్వరికిని అర్హత లేదు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములవారికి మద్రాసు ఎట్లో, అనంతపురమువారికి బెంగుళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్సా విభాగము అట్లు. హైదరాబాదున ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము, విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక వైద్యశాల కలవు. కేంద్ర ప్రభుత్వ సహాయముతో స్వచ్ఛందసంస్థలు నడుపు పునరావాస కేంద్రములను గూర్చి 14446 హెల్ప్‌లైనువారు తెలుపుదురు. 14416 సంఖ్యగల ప్రభుత్వ మానసికారోగ్య ఫోను సేవ టెలి మానస్‌కు రాత్రింబవళ్లు ఏ వేళనైనను తెలుగులోనే ఫోను చేయవచ్చును.

ఈ సంఖ్యలతోబాటు మరి రెండింటిని గూర్చి చెప్పి, వానికిని వీనికిని గల భేదమును స్పష్టముచేయుట అవసరము. గంజాయి, మత్తుమందులు అమ్మువారిని గూర్చి పోలీసులకు తెలుపుటకు ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 కలవు. గేటుముందు పొట్లములు అమ్ముచున్నవానిని గూర్చి ఆ సంఖ్యలకు తెలుపుట ధర్మమే. కాని పొట్లము కొన్న తన పనివాని విషయమున మొట్టమొదట పోలీసులకే ఫోను చేయు యజమాని, తక్కినవారందరికిని చికిత్స ద్వారమును మూసివేసినవాడగును. 1985 నాటి మత్తుమందుల చట్టములోని 64ఎ సెక్షను, స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేయు వ్యసనపరునికి, సేవించిన నేరమునకును స్వల్ప పరిమాణపు నేరములకును ప్రాసిక్యూషనునుండి రక్షణ కల్పించుచున్నది. ఈ సంగతి యజమానులలో ఎందరికో తెలియదు. పనివారికి అసలే తెలియదు.

కేంద్రమును ఎంచుకొనునప్పుడు బోర్డును చూచి నమ్మరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము, మత్తుమందుల దుర్వినియోగముతో ముడిపడిన స్థితులను మానసిక రోగములలో చేర్చినది. కనుక అట్టి రోగులను చేర్చుకొను సంస్థకు రిజిస్ట్రేషను ఉండవలెను. దానిని చూపుమని యడుగుట అమర్యాద కాదు. యజమాని తానే పోయి చూచి, సైకియాట్రిస్టు వారమున కెన్నిమారులు వచ్చునో, లోపలివారు ఇంటివారితో మాటలాడుటకు అనుమతి కలదో లేదో, భార్యకును తల్లిదండ్రులకును సలహా ఇత్తురో, ఇంటికి పంపినపిమ్మట ఎన్ని నెలలు విచారింతురో తెలిసికొనవలెను. రోగిని గొలుసులతో కట్టి, కొట్టి మాన్పించెదమనువారి గుమ్మము త్రొక్కరాదు.

వైద్యుని ప్రమేయము లేక మాన్పింపబూనుట ఎంతటి సాహసమో తెలియక, నాలుగు దినములు గదిలో పెట్టి తాళము వేసినచో అదే పోవునను పెద్దలు నేటికిని కలరు. అనేక సంవత్సరములు ప్రతిదినము త్రాగినవాడు ఒక్కమారుగా మానినచో ఫిట్స్ రావచ్చును, సన్నిపాతమును పోలిన మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. తెలంగాణలో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేటు వంటివి కలిపిన కల్తీకల్లునకు అలవాటుపడినవారి స్థితియు ఇట్టిదే. ఆ కల్లు దొరకని దినమున వారి శరీరమునకు లోటగునది కల్లు కాదు, అందులోని మందు. పనివాడు ఏమి సేవించుచున్నాడో వైద్యునికి తెలిసినగాని ఎట్లు మాన్పింపవలెనో నిర్ణయింపబడదు. అందుచేత "నేటినుండి మానినవారికే పని" యని నోటీసు అంటించుట, సద్బుద్ధితో చేసినను, ప్రమాదకరమైన పనియే.

ఇట్టి యేర్పాటునకు పూనుకొన్న యజమానియొద్దకు మత్తుపరీక్షల కిట్లను అమ్మువారు సలహాదారులకంటె ముందుగా వత్తురు. విమానములు నడుపువారికి, బస్సుల స్టీరింగు పట్టువారికి పరీక్షలు న్యాయమే. అచ్చట ఒక్కని మైకము వందలమంది ప్రాణములకు ముప్పు. తక్కినచోట్ల పరీక్షను మొదటి మెట్టు చేయుట పొరపాటని నా దృఢాభిప్రాయము. నిమిషములలో ఫలితము చూపు కిట్టు జలుబు మందులకును, వైద్యుడు వ్రాసిన దగ్గుమందునకును పొరబడవచ్చును. గంజాయి నిత్యము సేవించినవాని మూత్రమున దాని జాడ కొన్ని వారములైనను నిలుచును. అది నిన్నటిదో, నెలనాటిదో, డ్యూటీలో సేవించినదో కిట్టు చెప్పజాలదు. ప్రయోగశాలలో మరియొక పద్ధతిచే ధ్రువపరచి, వైద్యుడు ఆ మనిషి వాడుచున్న మందులను విచారించినపిమ్మటగాని ఎవ్వరిపైనను చర్య తీసికొనరాదు.

ఇంత యేర్పాటు చిన్న యజమానికి సాధ్యమా యని సందేహము కలుగవచ్చును. ఒంటరిగా సాధ్యము కాకపోవచ్చును. కాని పారిశ్రామికవాడలలో ఐలాలు అను స్థానిక పాలనా సంస్థలు కలవు, యజమానుల సంఘములు కలవు. రోడ్లకు, వీధిదీపములకు చందాలు వేసికొనుచున్న ఆ సంఘములే ఇరువది ముప్పది కార్ఖానాలకు కలిపి ఒక కౌన్సెలరును నియమించి, ఏ కార్ఖానాలోనుగాక వేరుగా ఒక గదిని ఇచ్చినచో, ఆ గదికి పోవువాడు ఎక్కడివాడో తెలియక రహస్యము నిలుచును. విధానమును వ్రాయునప్పుడు కార్మిక న్యాయమెరిగిన వకీలును, యూనియను పెద్దలను కూర్చుండబెట్టుకొని, వాడుకమాటలలో వ్రాయించి చదివి వినిపింపవలెను. సూపర్‌వైజరులకు ఆ కౌన్సెలరే శిక్షణ ఇయ్యవలెను: వారు నోరు వాసన చూచి రోగనిర్ణయము చేయబోక, ఆలస్యములు, గైరుహాజరులు, చెడిన సరకు, తప్పిన ప్రమాదములు, ఇవి మాత్రమే తేదీలతో వ్రాసియుంచుట చాలును.

చికిత్సాకాలమున ఇల్లు గడచుట యెట్లన్నది పనివాని మొదటి ప్రశ్న. పదిమందికి తక్కువకాని సంస్థలలో 21,000 రూపాయలవరకు వేతనము పొందువారు ఈఎస్ఐ పరిధిలోనివారు. చందాల నియమము పూర్తియై, వైద్యుడు అస్వస్థుడని ధ్రువీకరించినచో, వేతనములో నూటికి 70 వంతున ఏడాదికి 91 దినములవరకు భత్యము లభించును. ఈఎస్ఐ డిస్పెన్సరీ వైద్యునితో యజమాని ముందుగానే మాటలాడియుంచినచో పనివానికి త్రిప్పట తప్పును. తిరిగి వచ్చినవాడు మరల జారిపడవచ్చును. ఎన్నిమారులు అవకాశము ఇత్తుమో విధానములో ముందే వ్రాసికొనవలెను. మద్యము మానదలచినవారు ఒకరికొకరు తోడ్పడు ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలకు పోదలచినవానికి రాత్రి షిఫ్టు వేయకుండుటయు, సాయంకాలము వేళకు విడిచిపెట్టుటయు యజమాని చేతిలోని పని.