సిమిలారిటీ అంకె చూసి బెదరొద్దు

ఎం.ఏ. చివరి ఏడాది డిసర్టేషన్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయగానే ‘సిమిలారిటీ 27 శాతం’ అని వస్తే కాపీ ముద్ర మన పిల్లల మీద తొందరగా పడుతుంది. అంబేడ్కర్‌ను, 1989 అట్రాసిటీ చట్టాన్ని ఉటంకించకుండా కులం గురించి మనం రాయలేం కదా. సాఫ్ట్‌వేర్‌కు అవీ పోలికలే.

కానీ యూజీసీ 2018 నిబంధనల ప్రకారం మూలం చెప్పిన ఉటంకింపులు, రిఫరెన్సులు, చట్టాలు లెక్కలోకి రావు. అవి తీసేశాక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే, గరిష్ఠంగా ఆరు నెలల గడువులో సరిదిద్ది ఇవ్వాలి. ప్రాజెక్టు రిపోర్టులు, అసైన్‌మెంట్లయితే అసలు ఈ నిబంధనల కిందికే రావు. ఈ మాట చెప్పేవాళ్లే తక్కువ.

అంకె ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దని మేం జూనియర్లకు చెబుతున్నాం. పూర్తి రిపోర్టు అడగండి. మినహాయింపులు పెట్టి మళ్లీ చెక్ చేయమని గైడ్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. సబ్మిషన్ తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ దాచుకోండి.