పెట్టెలో లేని విమానం

కిట్‌లో ఉన్నది పాఠాలు నేర్పే విమానం. మన పైలట్లు యుద్ధంలో నడిపింది దాని అన్నని. తమ్ముణ్ని కోసి, అరగదీసి, అతికించి అన్నని తయారుచేయడం కొందరికి సరదా. అంతకుమించి, అదో చదువు!

పెట్టె మూత తీస్తే లోపల ప్లాస్టిక్ చట్రాలు. వాటికి కాయల్లా అతుక్కుని రెక్కలు, తోక, చక్రాలు, సీట్లు. ఒక్కోటీ వేరుచేసి, కాగితంలో చూపించిన వరుసలో అతికించుకుంటూ పోతే రెండుమూడు రోజుల్లో అరచేతిలో ఇమిడే జెట్ విమానం తయారు. స్కేల్ మోడల్స్ అంటే ఇష్టపడే పిల్లలూ పెద్దలూ ఎక్కువమంది చేసేది ఇదే. అందులో ఆనందం తక్కువేం కాదు.

కానీ ఇంకో రకం మనుషులుంటారు. పెట్టె తెరవగానే వాళ్లు అందుకునేది జిగురు సీసా కాదు... రంపం! డబ్బులు పోసి కొన్న కొత్త కిట్‌ను నిలువునా కోసేస్తారు. 'ఇదేం పిచ్చిరా బాబూ' అనిపిస్తుంది చూసేవాళ్లకి. ఆ పిచ్చికి ఓ లెక్కుంది. వాళ్లకు కావలసిన విమానం ఆ పెట్టెలో ఉండదు. కాబట్టి ఉన్నదాన్ని మార్చుకోవాలి. దాన్నే కన్వర్షన్ అంటారు. అసలే లేని భాగాలను ప్లాస్టిక్ రేకు నుంచి సొంతంగా చేసుకోవాలి. అది స్క్రాచ్ బిల్డింగ్. ఈ రెండూ ఎలా ఉంటాయో చూడాలంటే మన వాయుసేనకు పేరు తెచ్చిన ఓ బుల్లి జెట్‌ని మించిన ఉదాహరణ లేదు. దాని పేరు నాట్.

దోమంత విమానం

నాట్ అంటే ఇంగ్లిషులో దోమలాంటి చిన్న పురుగు. ఫోలాండ్ కంపెనీ కోసం డబ్ల్యూ.ఇ.డబ్ల్యూ. పెటర్ అనే బ్రిటిష్ ఇంజినీరు దీన్ని రూపొందించాడు. యుద్ధ విమానాలు ఏటికేడాది బరువెక్కుతున్నాయి, ఖరీదూ పెరుగుతోంది. చిన్నగా, చవగ్గా చేస్తే ఎక్కువ సంఖ్యలో తయారుచేసుకోవచ్చన్నది ఆయన ఆలోచన. 1955 జులై 18న నాట్ తొలిసారి ఎగిరింది. బ్రిటన్ వాయుసేన మాత్రం ఈ ఒంటి సీటు యుద్ధ విమానాన్ని తన దళాల్లోకి తీసుకోలేదు. 'మేం తీసుకుంటాం' అన్న దేశాల్లో పెద్దది మనదే. 1956లో లైసెన్సు ఒప్పందం కుదిరింది. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వీటిని తయారుచేసింది.

తర్వాత జరిగింది చరిత్ర. 1965 సెప్టెంబర్ 3న స్క్వాడ్రన్ లీడర్ ట్రెవర్ కీలర్ నాట్‌లో వెళ్లి పాకిస్థాన్ సాబర్ జెట్‌ను కూల్చినట్లు భారత వాయుసేన ప్రకటించి, వీర్‌చక్ర ఇచ్చింది. సాబర్ ఖాళీ బరువు దాదాపు ఐదు టన్నులు. నాట్‌ది రెండు టన్నుల పైచిలుకు. ఏనుగు మీదికి చీమ వెళ్లినట్టే! 'సాబర్ స్లేయర్' అన్న బిరుదు అలా వచ్చింది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ వైమానిక స్థావరం మీద ఆరు సాబర్లు దాడికి దిగాయి. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ తన నాట్‌ను పైకి లేపాడు. రెండు సాబర్లను దెబ్బతీసి, ఆ పోరులోనే ప్రాణాలు అర్పించాడు. వాయుసేనలో పరమవీర చక్ర అందుకున్నది ఆయనొక్కరే.

మరి కిట్ పెట్టెలో ఉన్నదేమిటి?

బ్రిటన్ యుద్ధ విమానాన్ని కాదంది కానీ, అదే నాట్‌ను కాస్త పెంచి రెండు సీట్లు పెట్టిన శిక్షణ విమానాన్ని మాత్రం కొనుక్కుంది. దాని పేరు టి.1. 'రెడ్ యారోస్' విన్యాసాల బృందం 1965 నుంచి 1979 వరకు దాన్నే నడిపింది. ఎర్రటి రంగులో ఆకాశంలో పల్టీలు కొట్టే ఆ విమానమంటే అక్కడి పిల్లలకు మహా ముచ్చట. అందుకే ఆ దేశపు కిట్ల కంపెనీ ఎయిర్‌ఫిక్స్ 1960ల్లో 1/72 స్కేలులో తెచ్చిన నాట్ ఆ రెండు సీట్లదే. దశాబ్దాల తర్వాత కొత్త అచ్చు చేయించినప్పుడూ మళ్లీ అదే.

తప్పు పట్టాల్సిందేం లేదు. ఎవరి పిల్లలు చూసిన విమానం వాళ్లు అచ్చు పోసుకున్నారు. కిట్ అంటే తయారుచేసిన దేశపు జ్ఞాపకం. మన జ్ఞాపకం కావాలంటే మనమే చెక్కుకోవాలి. ఒంటి సీటు నాట్ కిట్లు తర్వాత్తర్వాత వేరే కంపెనీల నుంచి వచ్చాయి. అయినా సులువుగా దొరికే శిక్షణ విమానాన్నే కోసి సెఖోన్ నాట్‌గా మార్చాలనుకునేవాళ్లకు పని ఎప్పుడూ ఉంటుంది.

మిల్లీమీటరు తేడా వస్తే...

'ఏముంది, వెనక సీటు తీసేస్తే సరి' అనుకుంటే పొరపాటే. రెండో మనిషికి చోటివ్వడానికి విమానాన్ని పొడవు పెంచారు. బరువు మోయడానికి రెక్కలు పెద్దవి చేశారు. తోకనూ పెంచారు. యుద్ధ విమానం రెక్కల చివరి నుంచి చివరికి కొలిస్తే సుమారు 6.75 మీటర్లు. శిక్షణ విమానంలో 7.32 మీటర్లు. రెక్కల వైశాల్యం 12.7 చదరపు మీటర్ల నుంచి 16.3కి పెరిగింది.

వీటిని 72తో భాగించాలి. అప్పుడు ఒకటి 94 మిల్లీమీటర్లు, రెండోది 102. అంటే ఒక్కో వైపు నాలుగు మిల్లీమీటర్లు తగ్గించాలి. చివరలు కత్తిరిస్తే చాలదు. వైశాల్యంలో తేడా అంతకంటే ఎక్కువ కాబట్టి రెక్క వెడల్పునూ తగ్గించాలి. కాక్‌పిట్ దగ్గర పొడవులో దాదాపు సెంటీమీటరు తీసేయాలి.

ఈ స్కేలులో ఆరడుగుల మనిషి అంగుళం ఉంటాడు. ఒక్క మిల్లీమీటరు తప్పితే అసలు విమానంలో ఏడు సెంటీమీటర్లు తప్పినట్టు. కంటికి అది దొరికిపోతుంది. అందుకే రంపం పట్టేముందు వారాల తరబడి కాగితాల పని ఉంటుంది. కొలతల బొమ్మలు సేకరించాలి. ఫొటోలు పక్కన పెట్టుకుని సరిచూడాలి. ఫొటోను నమ్మడానికీ లేదు. కెమెరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదిగా, దూరంగా ఉన్న తోక చిన్నదిగా కనిపిస్తాయి. వీలైతే అసలు విమానాన్ని చూడటమే మేలు. ఢిల్లీ పాలెంలోని వాయుసేన మ్యూజియంలో నాట్ ఉంది. విచిత్రమేమంటే, 1965 యుద్ధంలో పాకిస్థాన్‌లోని పస్రూర్‌లో దిగిపోయిన మన నాట్ ఒకటి కరాచీలోని వాళ్ల వాయుసేన మ్యూజియంలోనూ ఉంది.

కోత మొదలు

ముందు ప్లాస్టిక్ మీద కోయాల్సిన చోట టేపు అంటిస్తారు. టేపు అంచే గీత. పళ్లు సన్నగా ఉండే రేజర్ రంపంతో, ఒత్తకుండా, నెమ్మదిగా కోస్తారు. విమానం పొట్ట రెండు సగాలుగా వస్తుంది కాబట్టి రెండింటినీ ఒకేచోట, ఒకే కోణంలో కోయాలి. ఏ కాస్త అటూ ఇటూ అయినా ముక్కు పక్కకు తిరిగిన విమానం వస్తుంది!

మధ్య ముక్క తీసేసి మిగతా రెండింటినీ కలిపితే అంచులు కలవవు. ఎందుకంటే విమానం గొట్టంలా ఒకే లావు ఉండదు. ముందు సన్నం, వెనక లావు. అక్కడే స్క్రాచ్ బిల్డింగ్ మొదలవుతుంది. అర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ రేకును కోసి లోపలివైపు పట్టీలుగా అతికిస్తారు. ఇక్కడ వాడే జిగురు మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ కలిసి ఆరితే ఒకే ముక్క అయిపోతాయి. పైన మిగిలిన పల్లాలను పుట్టీతో నింపుతారు. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి చెక్క ముక్కలను కలపడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టుతో మక్కు పెడతారే... అదే విద్య! ఆరాక నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దుతారు. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000 వరకు. చేత్తో తడిమితే అతుకు తెలియకూడదు.

రుద్దినప్పుడు ప్లాస్టిక్ మీదుండే రేకుల గీతలు చెరిగిపోతాయి. వాటిని సూదితో మళ్లీ గీయాలి. రెక్క మీద గీతలైతే కొత్త చోట గీయాలి. దానికో కారణం ఉంది. శిక్షణ విమానంలో విమానాన్ని పక్కలకు వంచే ఐలరాన్లు రెక్క చివర్లలో ఉంటాయి. దిగేటప్పుడు పనికొచ్చే ఫ్లాపులు వేరే ఉంటాయి. యుద్ధ విమానంలో ఫ్లాపులే లేవు. ఐలరాన్లే లోపలివైపు ఉండి, చక్రాలు దించినప్పుడు కిందికి వాలి ఫ్లాపుల పనీ చేసేవి. చక్రాల తలుపులూ అంతే. గాల్లో సగం తెరిస్తే వేగం తగ్గించే బ్రేకులు. ఒక్క వస్తువుతో రెండు పనులు. బరువు అలా తగ్గించాడు పెటర్. పుస్తకంలో చదివితే నాలుగు రోజుల్లో మర్చిపోయే ఈ సంగతి, సూది పట్టుకుని గీత గీసినవాడికి జన్మలో గుర్తుంటుంది.

సిరంజీ సూదే తుపాకీ!

శిక్షణ విమానానికి తుపాకులుండవు. సెఖోన్ నాట్‌కి గాలి పీల్చుకునే మార్గాలకు చెరోపక్క ఒకటి చొప్పున రెండు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులున్నాయి. అవసరానికి మొరాయించాయన్న అపకీర్తి కూడా వాటికి ఉంది. 72తో భాగిస్తే గొట్టం రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ప్లాస్టిక్‌లో అంత సన్నని బోలు గొట్టం చేయడం కుదరని పని. అందుకే మందుల షాపులో దొరికే సిరంజీ సూది! 23 గేజ్ సూది బయటి మందం 0.64 మిల్లీమీటర్లు. మొన కోసేసి, అంచు అరగదీస్తే అచ్చం తుపాకీ గొట్టమే. ఫిరంగి చుట్టూ ఉండే ఉబ్బును ఎంసీల్‌తో చేసి, గట్టిపడ్డాక అరగదీయొచ్చు.

ఇలా ఇంట్లో దొరికేవి చాలానే పనికొస్తాయి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ సన్నగా కోస్తే సీటు బెల్టులు. పాత వైర్లలోని రాగి పోగు చక్రాల దగ్గర బ్రేకు గొట్టాలు. భాగాలు తీసేశాక మిగిలిన చట్రం ముక్కను కొవ్వొత్తి మీద వేడిచేసి లాగితే వెంట్రుకంత సన్నగా సాగుతుంది. అదే యాంటెన్నా.

అన్నిటికంటే కష్టం కాక్‌పిట్ మీది అద్దాల మూత. రెండు సీట్ల పొడుగాటి మూత ఇక్కడ పనికిరాదు. కావలసిన ఆకారాన్ని ముందు చెక్కతో చెక్కుతారు. రేకు మందం కలుస్తుంది కాబట్టి కొంచెం చిన్నగానే చెక్కాలి. పారదర్శకంగా ఉండే పల్చని ప్లాస్టిక్ రేకును మెత్తబడేదాకా వేడిచేసి, ఆ చెక్క దిమ్మెను అందులోకి ఒత్తితే మూత ఆకారం వస్తుంది. ఒక్కసారికే కుదరడం అరుదు. బుడగ వస్తుంది, ముడత పడుతుంది, ఒక పక్క పల్చనవుతుంది. పది చేస్తే ఒకటి నిలిచిందని సంతోషించాలి.

చివరగా రంగు. నాట్‌లు చాలావరకు వెండి రంగులో మెరుస్తుండేవి. వెండి రంగు జాలి లేనిది. కింద ఒక్క గీటున్నా ఎత్తి చూపిస్తుంది. అందుకే ముందు బూడిద రంగు ప్రైమర్ కొట్టి, లోపాలు కనపడితే మళ్లీ పుట్టీ, మళ్లీ గరుకు కాగితం. వాయుసేన గుర్తులో బయటి వలయం కాషాయం, మధ్యలో తెలుపు, నడిమి చుక్క ఆకుపచ్చ. తారుమారు చేస్తే అన్నాళ్ల కష్టమూ వృథా.

ఎందుకింత శ్రమ?

బొమ్మే కదా అనుకుంటాం. కానీ బొమ్మ విమానాల మీద ప్రాణాలు ఆధారపడిన రోజులున్నాయి. 1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లల్ని లక్షల సంఖ్యలో చెక్క విమానాలు చెక్కి పెట్టమని అడిగింది. ఇదే 1/72 స్కేలు. వాటిని చూపించి సైనికులకు ఏది మనది, ఏది శత్రువుది అని గుర్తుపట్టడం నేర్పారు. ఆకారం కాస్త తప్పితే సొంత విమానాన్నే కూల్చుకునే ప్రమాదం. కొలత పట్ల ఈ అభిరుచికున్న పట్టుదల అప్పట్నుంచీ ఉంది.

ఇప్పుడు ఎవరి ప్రాణాలూ పోవు. పోయేది నిజం. రెండు సీట్ల విమానానికి మన గుర్తు అంటించి 'ఇదే సెఖోన్ నాట్' అని అల్మరాలో పెడితే అడిగేవాళ్లెవరూ ఉండరు. కానీ దాన్ని చూసి పెరిగే పిల్లలకు, ఆ ఉదయం రన్‌వే మీద నుంచి లేచిన విమానం ఎంత చిన్నదో తెలియదు. ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గించి చేసిన నాట్‌ను అదే స్కేలు సాబర్ పక్కన పెడితే చాలు... ఆ ధైర్యం ఎంతటిదో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇలా మొదలుపెట్టండి

* మొదటి కిట్‌ను కోయొద్దు. ఉన్నదున్నట్టు రెండుమూడు చేశాకే మార్పుల జోలికి వెళ్లాలి.

* మొదటి మార్పు చిన్నదిగా ఉండాలి. సీటు బెల్టులో, సూది తుపాకులో చాలు.

* కోసిన ముక్కల్ని పారేయొద్దు. ఇంకో విమానానికి అవే ముడిసరుకు.

* కత్తి, రంపం, సూది, కొవ్వొత్తి... పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దలు ఉండాల్సిందే. జిగురు, రంగుల వాసన మంచిది కాదు. కిటికీలు తెరవాలి. పుట్టీని తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

* ముక్కులో సీసం గుళ్లు పెట్టడం మర్చిపోవద్దు. ముందు బరువు లేకపోతే అంత కష్టపడి చేసిన జెట్ తోక మీద చతికిలబడుతుంది!