వైరస్ సూది.. ఎవరికి? ఎన్నో రోజున?
ఆలస్యమైతే రెమ్‌డెసివిర్ అయినా దండగే.. డెంగీకి ‘వైరస్ మాత్ర’ లేనే లేదు

డెంకణికోట: మంచు దిగే నెలల్లో డెంకణికోట, తళి, అంచెట్టి వైపు జ్వరాలు మామూలే. ‘జరం తగ్గలేదు, వైరస్‌కు మంచి మాత్ర ఒగటి ఇయ్యన్నా’ అని మందుల అంగట్లో అడగడమూ మామూలైపోయింది. వైరస్‌ను చంపే మందు ఒకటుందని, అది పడితే చాలు మనిషి లేచి కూర్చుంటాడని 2021 వేసవిలో జనం మనసుల్లో నాటుకుపోయింది. అందులో సగమే నిజం.

ఆ వేసవిలో ఏం జరిగిందో సరిహద్దు జనానికి వేరే చెప్పనక్కర్లేదు. కరోనా రెండో వేవ్‌లో రెమ్‌డెసివిర్ కోసం చెన్నై కీళ్పాక్ వైద్య కళాశాల ముందు బారులు తీరారు. మే నెలలో సేలం, కోయంబత్తూరు వంటి చోట్లా అమ్మకాలు పెట్టారు. డెంకణికోట మనిషికి వాటిలో దగ్గరిది సేలమే. అదీ వంద కిలోమీటర్లకు పైమాట. కూతవేటు దూరంలోని బెంగళూరులోనూ కరవే. రోగి ఆస్పత్రిలో, కొడుకో అల్లుడో చీటీ పట్టుకుని క్యూలో. జనం గుమిగూడుతుండటంతో మే మధ్యలో తమిళనాడు ప్రభుత్వం నేరుగా అమ్మడం ఆపి, ఆస్పత్రులకే పంపే ఏర్పాటు చేసింది.

ఇంత పరుగు పెట్టించిన మందుకు కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు పెట్టిన షరతులు మాత్రం చాలామంది చెవిన పడలేదు. ఆక్సిజన్ అవసరమైన రోగికే ఇవ్వాలి. లక్షణాలు మొదలైన 10 రోజుల్లోపే ఇవ్వాలి. ఆస్పత్రిలోనే ఎక్కించాలి, ఇంట్లో కూడదు. కాలేయం, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి వద్దు (మూత్రపిండాల షరతును 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సడలించింది). మొదటి రోజు 200 మిల్లీగ్రాములు, ఆపై నాలుగు రోజులు వందేసి. అంటే ఆరు సీసాలు. ఆ ఆరింటి కోసం తిరగడంలోనే అసలైన రోజులు కరిగిపోయేవి.

జెరాక్స్ మిషన్‌లో చెడ్డ కాగితం

రోజులకు ఎందుకంత విలువ? వైరస్ మన ఒంటి కణంలో దూరి తన నకళ్లు తీసుకుంటుంది. రెమ్‌డెసివిర్ ఆ జెరాక్స్ మిషన్‌లో చెడ్డ కాగితంలా ఇరుక్కుంటుంది. నకళ్లు ఆగుతాయి. ఈ మిషన్ చాలా వైరస్‌లలో ఒకే తీరుగా ఉంటుంది కాబట్టే దీన్ని పలు వైరస్‌ల మీద పనిచేసే మందు అంటారు. మొదట ఎబోలా మీద ప్రయోగించారు. ఆఫ్రికాలోని కాంగోలో జరిగిన ఆ పరీక్షలో యాంటీబాడీ మందుల ముందు నిలవలేకపోయింది. కరోనా వచ్చాక మళ్లీ తెరమీదికొచ్చింది. మన దేశంలో మొదట మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాదుకు చెందిన హెటిరో, 2020 జూన్‌లో.

కరోనాలో నకళ్ల పని జోరుగా సాగేది మొదటి వారంలో. రెండో వారంలో ఊపిరితిత్తులను దెబ్బతీసేది చాలావరకు మన ఒంటి ఎదురుదాడే. అప్పుడు జెరాక్స్ మిషన్ ఆపి ఏం లాభం? ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన సాలిడారిటీ పరీక్షలో వెంటిలేటర్ మీదున్నవారికి రెమ్‌డెసివిర్‌తో మేలు కనబడలేదు. ఆక్సిజన్ మీదున్నవారికి కొద్దిపాటి మేలు కనబడింది. ఆ దశలో ప్రాణాలు కాపాడుతుందని 2020లోనే రుజువైన మందు డెక్సామెథసోన్. కొద్ది రూపాయల సూది. దానికోసం ఎవరూ క్యూ కట్టలేదు. అదే సూది ఆక్సిజన్ అవసరం లేనివారికి ముందే వేస్తే మేలు లేకపోగా కీడు చేయొచ్చు.

అసలు విడ్డూరం 2021 డిసెంబరులో బయటపడింది. ఆస్పత్రిలో చేరకముందే, ముప్పు ఎక్కువున్న వారికి మొదటి ఏడు రోజుల్లో మూడు రోజులు రెమ్‌డెసివిర్ ఎక్కించి చూస్తే, ఆస్పత్రి పాలయ్యే అవకాశం 87 శాతం తగ్గింది. ముప్పు ఉన్నవారంటే ముసలివారు, షుగరు, గుండెజబ్బు వంటివి ఉన్నవారు. 2020 నవంబరులో వద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే 2022 ఏప్రిల్‌లో ఇలాంటివారికి ఇవ్వొచ్చంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి ముక్కు కారితే మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఫ్లూకి 48 గంటలు

ఇప్పుడు ఊళ్లో తిరిగే జ్వరాల సంగతి. డెంగీ, చికున్‌గున్యాలకు వైరస్‌ను ఆపే ఆమోదిత మందు లేదు. రెమ్‌డెసివిరూ కాదు, ఫ్లూ మాత్రా కాదు. డెంగీలో నీళ్లు, సెలైను, ప్లేట్‌లెట్ల మీద కన్ను, ఇంతే. జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు, రక్తం కారడం కనబడితే పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

ఫ్లూకి మందుంది. దాని పేరు ఒసెల్టామివిర్. 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాదులోనే తేలింది. అప్పుడు కేంద్రం రోగులను మూడు తరగతులు చేసింది. తేలికపాటి జ్వరం, దగ్గు ఉంటే ‘ఎ’. వీరికి మాత్ర వద్దు, ఇంట్లో ఉంటే చాలు. జ్వరం, గొంతునొప్పి ఎక్కువగా ఉన్నా, లేదా గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, దీర్ఘవ్యాధులు ఉన్నవారైనా ‘బి’. వీరి విషయంలో డాక్టరు మాత్ర రాస్తారు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత ఉంటే ‘సి’. వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మాత్ర పడితేనే ఎక్కువ ఫలితం. ఆస్పత్రిలో చేరేంత తీవ్రమైతే ఆ గడువు దాటినా ఇస్తారు.

‘డాక్టరు ఏమిటికి రాయలేదు?’ అని నిష్ఠూరపడేవారు ‘ఎ’ తరగతిలోనే ఎక్కువ.

ఇంకొకటుంది. కరోనా రోజుల్లో తేలికపాటి జ్వరానికీ ఫావిపిరావిర్ మాత్రలు విచ్చలవిడిగా రాశారు. ఇదీ పలు వైరస్‌ల మందే. జపాన్ 2014లో దీనికి అనుమతిచ్చినా, మిగతా ఫ్లూ మందులు పనిచేయని కొత్తరకం ఫ్లూ వస్తేనే వాడాలని తాళం వేసి పెట్టుకుంది. కారణం, కడుపులోని బిడ్డకు అవకరం కలిగించే ప్రమాదం. గర్భిణులకు ఇది పూర్తిగా నిషిద్ధం. మాత్ర వాడే మగవారు సైతం వాడినన్నాళ్లూ, ఆపాక మరో వారమైనా గర్భనిరోధక జాగ్రత్త పాటించాలి. అప్పట్లో మిగిలిన అట్టలు బీరువాల్లో ఇంకా ఉంటే అవి కొత్త జ్వరానికి పనికిరావు.