ఇల్లు ఒకటి, సంతకాలు నాలుగు

దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో తరలివచ్చిన కాందిశీకుల కోసం ఢిల్లీలో లాజ్‌పత్ నగర్ వంటి కాలనీలు వెలిశాయి. నాడు తల దాచుకొంటే చాలుననుకొని తాతలు కట్టిన ఇండ్లు నేడు కోట్ల రూపాయల ఆస్తులైనాయి. దేశ విభజనను తట్టుకొన్న కుటుంబాలు ఇంటి విభజన దగ్గర కోర్టు మెట్లెక్కుతున్నాయి.

ఈ వ్యాజ్యాల తీరు దాదాపు ఒక్కటే. తల్లిదండ్రులు వీలునామా వ్రాయకుండా గతిస్తారు. నలుగురు సంతానంలో ఒకరిద్దరు ఆ ఇంటనే కాపురముంటారు. తక్కినవారు అమ్మి పంచుకొందామంటారు. నాలుగు సంతకాలూ పడనిదే కొనేవాడు ముందుకు రాడు.

తన వాటా మాత్రమే అమ్ముకోరాదా? అమ్ముకోవచ్చు. కాని ఆస్తి బదలాయింపు చట్టం 44వ సెక్షను ప్రకారం, ఉమ్మడి నివాసగృహంలో వాటా కొన్న బయటివాడికి ఆ ఇంట కలిసి ఉండే హక్కు లేదు. అతడు పంపకానికి దావా వేస్తే, కోర్టు కట్టిన విలువకు ఆ వాటాను కుటుంబంలోనివారే కొనే వీలును 1893 నాటి విభజన చట్టం కల్పించింది. కుటుంబ గృహాన్ని కాపాడే ఈ నియమాల వల్లనే విడి వాటాకు గిరాకీ లేకుండాపోయింది.

ఆడపడుచుల స్థితి మరింత దయనీయంగా ఉండేది. మగ వారసులు పంచుకోదలచే వరకు కుమార్తె నివాసగృహం పంపకం కోరరాదని 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షను శాసించింది. 2005లో పార్లమెంటు దానిని రద్దు చేసింది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఇవ్వడంలో కేంద్రం కంటే ఆంధ్రప్రదేశ్ ముందున్నది. 1985 సెప్టెంబరు 5 నుంచే దానిని అమలు చేసింది, అప్పటికే వివాహితలైనవారిని మినహాయించి.

అయితే హక్కు వేరు, చేతికి సొమ్ము అందడం వేరు. పంచడానికి వీలులేని ఇంటిని అమ్మించమని 1893 చట్టం క్రింద కోరాలంటే, కోరేవారికి సగం వాటా అయినా ఉండాలి. పావు వాటా గల సోదరి ఒంటరిగా కోరితే ఆ చట్టం ఆమెకు అక్కరకు రాదు. 2005లో ఆమె హక్కును గుర్తించిన పార్లమెంటు ఈ సగం వాటా నియమం జోలికి పోలేదు.

దావా గెలిచినా తొలుత వచ్చేది వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ మాత్రమే. తుది డిక్రీ కోసం మళ్లీ నిరీక్షణ. ఈ జాప్యాన్ని సుప్రీంకోర్టు 2009లో ఎత్తిచూపింది. ప్రాథమిక డిక్రీ ఇచ్చాక కక్షిదారు అర్జీ కోసం ఆగక తుది విచారణ సాగించాలని 2022లో క్రింది కోర్టులను ఆదేశించింది.

ఇంట ఉన్నవాడికి తొందర లేదు. బయట ఉన్నవారికి వయసు ఆగదు. ఎవరికెంత అన్న ప్రశ్నకు పార్లమెంటు సమాధానమిచ్చింది. ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉన్నది.